వల నడుమ తెల్లని గీత

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడు గడ్డి మైదానాన్ని 1988లో అభయారణ్యంగా ప్రకటించడానికి ముఖ్య కారణం బట్టమేక పిట్ట. నేటికీ ఆ మైదానం పేరు చెబితే ఇప్పుడు కనిపించడమే అరుదైపోయిన ఆ పిట్టా, మందలుగా తిరిగే కృష్ణజింకలూ గుర్తుకు వస్తాయే తప్ప, ఆ గడ్డినీ దాని అంచున ఉన్న జొన్న, కంది చేల గెనాలనూ ఆశ్రయించి బతికే చిన్న జీవుల వైపు చూపు పోదు. వానలు వెనకబట్టి చేలు ఏపుగా పెరిగే భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో, దక్షిణ భారతదేశపు మెట్ట ప్రాంతాలన్నిటిలో మాదిరిగానే ఇక్కడా గడ్డి దుబ్బుల నడుమ, కలబంద మట్టల మధ్య, కంచె పొదల మీద ఒక సాలీడు చక్రాకారపు వల అల్లుకుని కూర్చుంటుంది. దాని కాళ్ల కొసల నుంచి నాలుగు మూలలకూ తెల్లని పట్టుగీతలు సాగి ఉంటాయి. ఈ గీతలు వల అల్లికకు అవసరమైనవి కావు. అవి లేకపోయినా వల నిలుస్తుంది, పురుగు చిక్కుతుంది. అలాంటప్పుడు అంత పట్టును సాలీడు ఎందుకు ఖర్చు పెడుతున్నదన్న ప్రశ్న మీద జీవశాస్త్రజ్ఞులు శతాబ్దం దాటి వాదించుకుంటున్నారు.

ఈ సాలీడు ఆర్గియోపి ప్రజాతికి చెందినది. ప్రపంచం మొత్తం మీద ఈ ప్రజాతిలో సుమారు 90 జాతులు ఉండగా, మన చేలల్లో తరచుగా కనిపించేవి ఆర్గియోపి అనసూజ, ఆర్గియోపి పుల్చెల్లా అనేవి. పుల్చెల్లాను 1881లోనూ, అనసూజను 1887లోనూ స్వీడన్ శాస్త్రజ్ఞుడు టామెర్లాన్ థోరెల్ శాస్త్రీయంగా వర్ణించాడు. భారతదేశపు సాలీళ్ల మీద బి.కె. టికాదర్ జీవితకాలం చేసిన కృషి వల్ల, 1980లలో వెలువడిన ఆయన గ్రంథాల వల్ల ఈ జాతులను గుర్తుపట్టడం విద్యార్థులకు కూడా సాధ్యమైంది. అనసూజ ఆడ సాలీడు శరీరం 8 నుంచి 12 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పొట్ట మీద పసుపు, గోధుమ, తెలుపు పట్టెలు అడ్డంగా ఉంటాయి. ఎనిమిది కాళ్లను రెండేసి చొప్పున జతకలిపి చాపుకోవడంతో దూరం నుంచి నాలుగే కాళ్లున్నట్టు అనిపిస్తుంది. మగది అందులో సగం కూడా ఉండదు. అది వల అంచున ఒక మూల వేలాడుతూ సమయం కోసం కాచుకుని ఉంటుంది, చాలాసార్లు జతకట్టిన తరవాత ఆడదానికే ఆహారమైపోతుంది. మనుషులకు ఈ సాలీడు వల్ల ప్రమాదం లేదు. వేలితో వలను తాకితే అది కాళ్లు ముడిచి చాచి వలను ఎంత వేగంగా ఊపుతుందంటే దాని రూపురేఖలు చెదిరి కేవలం ఒక పసుపు మరకలా కనిపిస్తుంది. అప్పటికీ బెదిరింపు ఆగకపోతే ఒక పోగు పట్టుకుని గడ్డిలోకి జారిపోతుంది.

నంద్యాల ప్రాంతానికి సాలీళ్ల లోకంలో ఇంతకుముందే ఒక పేరుంది, కాకపోతే అది మరో జాతి మూలంగా వచ్చినది. పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1899లో గుత్తి రైల్వే కలప నిల్వలో దొరికిన ఒకే ఒక్క నమూనా ఆధారంగా వర్ణించిన మెరిసే నీలిరంగు చెట్టు సాలీడు, పోయెసిలోథీరియా మెటాలికా, ఆ తరవాత వందేళ్లకు పైగా ఎవరికీ కనిపించక, 2001లో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్యనున్న నల్లమల అడవిలో తిరిగి దొరికింది. గుత్తి దాని నివాసం కాదనీ, కలప దుంగలతో పాటు రైలెక్కి అక్కడికి చేరిందనీ అప్పుడు తేలింది. చెట్టు తొర్రలలో దాగి ఉండి, వల అల్లకుండానే వేటాడే ఆ సాలీడు పెంపుడు జంతువుల అంతర్జాతీయ విపణిలో ఖరీదైన సరుకైపోయి, అంతరించిపోయే ప్రమాదం అంచున ఉన్న జీవుల జాబితాకెక్కింది. గెనెం మీది ఆర్గియోపికి అటువంటి కీర్తీ లేదు, ఆ కీర్తి తెచ్చే ఆపదా లేదు. శాస్త్రానికి అది వేసిన చిక్కు మాత్రం నీలి సాలీడు వేసినదానికన్నా పెద్దది.

ఆ చిక్కు అర్థం కావాలంటే వల ఎలా తయారవుతుందో ముందు చూడాలి. సాలీడు పొట్ట చివర స్పిన్నరెట్లు అనే చిన్న బుడిపెలు ఉంటాయి. పొట్ట లోపలి గ్రంథులలో ద్రవరూపంలో ఉండే మాంసకృత్తు ఈ బుడిపెల మీది సన్నని నాళాల గుండా బయటికి లాగబడుతూ గట్టిపడి పోగు అవుతుంది. గ్రంథులన్నీ ఒకే రకమైనవి కావు, అవి ఇచ్చే పట్టు కూడా ఒకే రకమైనది కాదు. వల చట్రానికీ, నడిబొడ్డు నుంచి చట్రం దాకా సాగే పోగులకూ వాడే దృఢమైన పట్టు ఒక గ్రంథి నుంచి వస్తే, వాటి మీద చుట్లు చుట్లుగా తిరిగే సాగుడు పోగు మరో గ్రంథి నుంచి వస్తుంది. ఆ సాగుడు పోగుకు పూసే జిగురు బొట్లు ఇంకో గ్రంథివి. పోగును ఆకుకో కొమ్మకో అతికించే లేపనం వేరొకటి. గుడ్ల సంచికి వాడే పట్టు వేరే. చిక్కిన పురుగును చుట్టి కట్టడానికి ఏసినిఫార్మ్ గ్రంథులు అనే గుత్తి నుంచి ఒకేసారి అనేక సన్నని పోగులు పట్టీలా వెలువడతాయి. వల మధ్యలోని తెల్లని గీతలు కూడా ఈ పట్టీతోనే వేసినవి. నడిబొడ్డు దగ్గర రెండు పక్కపక్క పోగుల మధ్య సాలీడు పొట్టను అటూ ఇటూ ఊపుతూ, ఒక్కో ఊపుకు పట్టీని ఒక పోగు నుంచి మరో పోగుకు అంటిస్తూ కదిలితే, దర్జీ బట్ట అంచుకు వేసే జిగ్‌జాగ్ కుట్టు లాంటి వరస తయారవుతుంది. అలాంటి వరసలు నాలుగు పూర్తయితే గుణకారపు గుర్తు ఏర్పడుతుంది. ఇంగ్లీషు వాడుకలో ఈ సాలీడుకు సిగ్నేచర్ స్పైడర్ అన్న పేరు ఈ గీతల వల్లనే వచ్చింది.

ఈ నాలుగు వరసలూ ప్రతిరోజూ ఉంటాయని అనుకోకూడదు. సాధారణంగా తెల్లవారుజామున పాత వలను చాలావరకు తినేసి, ఆ మాంసకృత్తుతోనే కొత్త పట్టు తయారుచేసుకుని వలను మళ్లీ అల్లే ఈ సాలీడు, ఒకరోజు నాలుగు వరసలు వేస్తే మరొకరోజు రెండే వేస్తుంది, ఇంకొకరోజు ఏమీ వేయదు. పక్కపక్క పొదలలోని రెండు సాలీళ్లు ఒకే ఉదయాన రెండు రకాలుగా వేయవచ్చు. పైగా ఈ ప్రజాతిలో పలు జాతుల పిల్ల సాలీళ్లు వేసేది గుణకారపు గుర్తు కాదు, వల నడుమ గుండ్రని తెల్లని బిళ్ల. అవి దాని వెనక దాక్కుంటాయి. ఎదిగేకొద్దీ బిళ్ల మాయమై గీతలు వస్తాయి. ఏ వివరణ ఇచ్చినా ఈ అస్థిరతను కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు, చాలా వివరణలు ఇక్కడే తడబడ్డాయి.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు యూజీన్ సిమోన్ 1895 నాటి తన గ్రంథంలో ఈ గీతలు వలకు దన్నుగా నిలుస్తాయన్న ఊహతో వీటిని చర్చించాడు. స్టెబిలిమెంటమ్, అంటే వలను స్థిరపరిచేది, అన్న పేరు ఆ ఊహ నుంచి పుట్టినదే. పేరు నిలిచింది గానీ ఊహ నిలవలేదు. గీతల పట్టు వల మీద వదులుగా అంటి ఉంటుందే తప్ప పోగులను బిగించి పట్టదు. అందువల్ల ఇటీవలి రచయితలు చాలామంది ఆ పాత పేరును పక్కనపెట్టి పట్టు అలంకరణ అనడానికే ఇష్టపడుతున్నారు. ఈ వ్యాసంలోనూ అదే వాడుక.

దన్ను కాకపోతే మరేమిటన్నదానికి ఒక బలమైన ఆధారం సాలీళ్ల దినచర్యలోనే ఉంది. చక్రాకారపు వలలు అల్లే సాలీళ్లలో ఇరవైకి పైగా ప్రజాతులు ఏదో ఒక రకమైన అలంకరణ వేస్తాయి, వంశవృక్షాన్ని బట్టి చూస్తే ఈ అలవాటు ఒకే పూర్వజీవి నుంచి రాక, వేర్వేరు శాఖలలో పలుమార్లు విడివిడిగా పుట్టినట్టు తెలుస్తుంది. వాటన్నిటిలో ఉమ్మడి లక్షణం పగటిపూట వల నడుమ కూర్చుని ఉండటం. రాత్రి వల అల్లి తెల్లవారేసరికి చుట్టిపెట్టుకుని ఆకు చాటుకు పోయే సాలీళ్లు అలంకరణ జోలికి పోవు. వెలుగులో మాత్రమే ఉండేది చూపుల కోసమే ఉండి ఉండాలి. అయితే ఎవరి చూపు? వాదమంతా ఈ ఒక్క మాట దగ్గరే మొదలవుతుంది.

తేనెటీగలకూ ఇతర పురుగులకూ మన కళ్లకు ఆనని అతినీలలోహిత కాంతి కనిపిస్తుంది. పూలలో చాలా భాగం ఆ కాంతిలోని గుర్తులతోనే పురుగులను పిలుస్తాయి. కేథరిన్ క్రెయిగ్, గ్యారీ బెర్నార్డ్ 1990లో ప్రచురించిన పరిశోధనలో ఆర్గియోపి అలంకరణ పట్టు అతినీలలోహిత కాంతిని బాగా ప్రతిఫలిస్తుందనీ, అలంకరణ ఉన్న వలలకు పురుగులు ఎక్కువగా వస్తాయనీ చూపారు. వల పోగులు పురుగు కంటికి కనపడకుండా ఉండగా, నడుమ ఉన్న తెల్లని గీత మాత్రం పూవులా, ఆకుల సందులోని ఆకాశంలా మెరుస్తూ దాన్ని రప్పిస్తుందన్నమాట. వినడానికి చక్కగా అతికే ఈ కథకు 1999లో టాడ్ బ్లాక్‌లెడ్జ్, జాన్ వెన్జెల్ అడ్డం తిరిగారు. అమెరికాలోని పెద్ద పసుపు ఆర్గియోపి వలలను పోల్చి చూడగా, అలంకరణ ఉన్న వలలలో చిక్కిన పురుగులు అలంకరణ లేని వలలలో కన్నా దాదాపు 30 శాతం తక్కువని వారు కనుగొన్నారు. గీత కనిపించి పురుగు తప్పుకుపోతున్నదంటే, సాలీడు తన కూడు తానే పోగొట్టుకుంటున్నదన్నమాట. అంత నష్టానికి ఓర్చుకోవడానికి మరో చోట లాభం ఉండాలి.

ఆ లాభం పక్షుల వైపు నుంచి వస్తుందన్న వాదన అంతకు ముందే ఉంది. థామస్ ఐస్నర్, స్టీఫెన్ నొవికీ 1983లో సైన్స్ పత్రికలో ప్రకటించిన ప్రయోగంలో, కొన్ని వలలకు అలంకరణకు సమానమైన తెల్లని గుర్తులు తామే అమర్చి, మరికొన్నిటిని అలాగే వదిలేసి గమనించారు. పక్షులు ఎగిరే తొలి ఉదయపు వేళ గుర్తులున్న వలలు చాలావరకు నిలవగా, గుర్తులు లేనివి చాలావరకు చిరిగిపోయాయి. పక్షికి సాలీడు మీద ఆసక్తి ఉండనక్కరలేదు. చూడక వల గుండా దూసుకుపోయినా చాలు, సాలీడు ఆ పూట శ్రమ అంతా వ్యర్థమే, పక్షికీ రెక్కలకు జిగురు అంటి ఇబ్బందే. గీత ఇద్దరికీ మేలు చేసే హెచ్చరిక. వలకు జరిగిన నష్టం కూడా దీనితో ముడిపడి ఉందని తరవాత తెలిసింది: ఆస్ట్రేలియా ఆర్గియోపి మీద ఆండ్రే వాల్టర్, మార్క్ ఎల్గర్ 2011లో ప్రచురించిన పరిశోధనలో వల బాగా దెబ్బతిన్న సాలీళ్లు ఆ తరవాత అలంకరణను పెంచాయి. పశువులు మేసే గెనెం మీద, పొద్దస్తమానం ఏదో ఒకటి గడ్డిని తోసుకుని పోయే చోట, ఈ రకపు నష్టం కాకుల వల్ల కన్నా గొర్రెల మంద వల్లే ఎక్కువ ఉంటుందని ఊహించడం కష్టం కాదు.

అసలు శత్రువు మాత్రం పక్షి కాదు, కందిరీగ. రాయలసీమ పల్లెలలో దూలాల మీద, గుడి మండపాల స్తంభాల మూలల్లో, కిటికీ చట్రాల వెనక, చివరికి వాడని ప్లగ్గు రంధ్రాలలో కూడా కనిపించే మట్టి గూళ్లు సాలీళ్లను వేటాడే కందిరీగలవి. నడుము దారంలా సన్నగా ఉండే ఆడ కందిరీగ కాలువ గట్టునో కొళాయి కిందనో తడిమట్టిని ఉండ చేసి తెచ్చి, వేలి కణుపంత అరలు కడుతుంది. ఆ తరవాత సాలీడును వల మీదనే కుట్టి, చంపకుండా కదలిక మాత్రమే ఉడిగేలా చేసి, ఎత్తుకుపోయి అరలో కుక్కుతుంది. అలా అర నిండే దాకా సాలీళ్లను తెచ్చి, గుడ్డు పెట్టి, మూత పూస్తుంది. అటువంటి గూడును పగలగొడితే, పసుపు, పచ్చ, బూడిద రంగుల సాలీళ్లు కాళ్లు ముడుచుకుని, తాకితే సన్నగా వణుకుతూ, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటి నడుమ తెల్లని పిల్లపురుగు ఒకటి మెల్లగా తింటూ ఉంటుంది. బ్లాక్‌లెడ్జ్, వెన్జెల్ 2001లో ఈ రకపు కందిరీగలను ఆర్గియోపి మీదికి వదిలి చూస్తే, అలంకరణ వేసిన వలలోని సాలీళ్లు ఎక్కువగా బతికి బయటపడ్డాయి. గీత కందిరీగకు సాలీడు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా చేస్తుందా, లేక కందిరీగ తడబడే ఆ ఒక్క క్షణంలో జారిపోవడానికి తావిస్తుందా అన్నది వేరే చర్చ.

ఇక్కడితో తీర్పు రాసేయవచ్చునని అనిపించే వేళకే ఎదురు సాక్ష్యాలు వచ్చాయి. అదే 2001లో సింగపూర్‌లో సియా, లీ అనే పరిశోధకులు, సాలీళ్లనే తిని బతికే ఒక గెంతుడు సాలీడు, పోర్షియా, అలంకరణ ఉన్న వలల వైపే ఎక్కువగా వెళుతున్నదని చూపారు. ఆస్ట్రేలియాలో గొల్లభామల సంగతీ అంతేనని అదే ఏడాది మరో బృందం చెప్పింది. తైవాన్‌లో చెంగ్, త్సో 2007లో ప్రకటించిన ఫలితాలు మరింత ఇరకాటమైనవి: మన దేశంలోనూ ఉండే ఆర్గియోపి ఎమ్యులా వలలను కెమెరాలతో గమనించగా, అలంకరణ ఉన్న వలలకు వచ్చే పురుగులూ ఎక్కువే, మీద పడే కందిరీగలూ ఎక్కువే.

ఇన్ని ప్రయోగాలు ఒకదానికొకటి ఎదురు తిరగడం వల్ల ఎవరో ఒకరు తప్పు లెక్క కట్టి ఉంటారని అనుమానించడం సులువు గానీ, అది న్యాయం కాదు. పూర్వ ప్రశ్న, అలంకరణ దేనికి అన్నది, ఒకే చూపరి ఉన్నట్టు అడిగిన ప్రశ్న. నిజానికి ఒక వలను ఒకే ఉదయాన తేనెటీగా, పిట్టా, కందిరీగా, గొల్లభామా చూస్తాయి, ఒక్కొక్కటి ఒక్కో కంటితో చూస్తుంది. పట్టుగీత తేనెటీగ కంటికీ, పక్షి కంటికీ కూడా ఆనుతుందని 2005లో కొలిచి చూపారు. పురుగులు దండిగా ఉండి కందిరీగలు అరుదైన చేలో లాభమిచ్చే గీత, కందిరీగలు ముసిరే ఊరి అంచున ప్రాణం మీదికి తేవచ్చు. ఒక్కో రోజు ఒక్కో రకంగా వేయడం, కొన్నిరోజులు మానేయడం కూడా ఈ దృష్టితో చూస్తే అర్థవంతమే: ఎప్పుడూ ఒకే గుర్తు వేస్తే అది సాలీడు ఉన్న చోటని శత్రువు నేర్చుకుంటుంది.

సాలీడు లోపలి లెక్క ఒకటి కూడా ఇందులో కలిసి ఉంది. కడుపు నిండిన సాలీళ్లు అలంకరణ ఎక్కువగా వేస్తాయని పలు పరిశీలనలు చెబుతున్నాయి. వాల్టర్ బృందం 2008లో, పురుగును చుట్టి కట్టే పనిలో పట్టును ఖర్చు చేయించిన సాలీళ్లు ఆ తరవాత అలంకరణను పెంచాయని చూపింది. చుట్టే పట్టూ, అలంకరణ పట్టూ ఒకే గ్రంథులవి కనుక, ఆ గ్రంథులు మందగించకుండా రేపటి వేటకు సిద్ధంగా ఉంచే సాధనగా ఈ అలవాటు మొదలై, చూపుల లాభాలు తరవాత వచ్చి చేరి ఉండవచ్చునని కొందరి అభిప్రాయం. అలవాటు పుట్టుకకూ, అది నిలవడానికీ కారణాలు వేరువేరు కావచ్చునన్న మాట ఈ వాదనలన్నిటిలోకీ ఆరోగ్యకరమైనది. ఇటీవల, 2025లో, ఐరోపా ఆర్గియోపి మీద వెలువడిన పరిశోధనతో పాత యాంత్రిక వాదం కూడా మరో రూపంలో తిరిగి వచ్చింది. వలను బిగించడం కాక, కొన్ని దిశలలో వచ్చే ప్రకంపనలు వలలో మరిన్ని చోట్లకు చేరేలా గీతలు తోడ్పడతాయని దాని సారాంశం.

ఆర్గియోపి బంధువులను చూస్తే చిత్రం ఇంకా చిక్కబడుతుంది. సైక్లోసా అనే చిన్న సాలీడు పట్టుతో కాక, తిని పారేసిన పురుగుల డొక్కలనూ, చెత్తనూ, తన గుడ్ల సంచులనూ వల నడుమ నిలువు వరసగా పేర్చి, ఆ వరసలోనే ఒక ముద్దలా కూర్చుంటుంది. తైవాన్‌లో ఒక సైక్లోసా జాతి మీద జరిగిన పరిశోధనలో ఆ ముద్దలు పరిమాణంలోనూ రంగులోనూ సాలీడును పోలి ఉండి కందిరీగలను మరింతగా రప్పించినా, కందిరీగలు ముద్దల మీదనే పడి సాలీడును వదిలేశాయి. ముళ్ల పొట్ట సాలీడు, గ్యాస్టరకాంతా, వల పోగుల మీద అక్కడక్కడా దూది పింజల లాంటి కుచ్చులు కడుతుంది. వాటిని జిగురు చుట్లు లేని, కేవలం విశ్రాంతి కోసం వేసుకున్న పోగుల మీద కూడా కడుతుందని విలియం ఎబర్‌హార్డ్ చూపాడు. పురుగు పట్టే వీలే లేని చోట ఎర అవసరం ఉండదు. ఇళ్లలోని సామాన్ల గదుల మూలల్లో అడ్డంగా వల అల్లే యులోబోరిడ్ సాలీళ్లకు విషమే ఉండదు, వలకు జిగురూ ఉండదు; అవి కూడా వల నడుమ చుట్టలు చుడతాయి.

కేసీ కాలువ కింద వరి పండించే నంద్యాల, ఆళ్లగడ్డ రైతులకు ఈ చర్చలో మరో ప్రయోజనం ఉంది. వరిలో సుడిదోమ, ఆకుచుట్టు రెక్కల పురుగు వంటివాటిని తినే మిత్ర జీవులలో సాలీళ్లది ముందు వరస. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1987లో ఆసియా రైతుల కోసం వెలువరించిన చిన్న పుస్తకంలో వరి చేలలోని ఆర్గియోపి కాటెన్యులాటా కూడా చోటు చేసుకుంది. అయితే చక్రపు వల మిడతనూ తేనెటీగనూ ఒకే తీరుగా పడుతుంది కనుక, దాన్ని కేవలం పురుగుమందుకు ప్రత్యామ్నాయంగా పొగడటం అతిశయమే అవుతుంది. వరి మొదళ్ల దగ్గర దోమను పట్టే సాలీళ్లలో ముఖ్యమైనది వల అల్లకుండా పరుగెత్తి వేటాడే తోడేలు సాలీడు.

నంద్యాల చేలలోని ఆర్గియోపి అలంకరణ లాభమిస్తున్నదో నష్టం తెస్తున్నదో కొలవడానికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. కందిరీగలు ఆ లెక్కను ఇప్పటికే మట్టిలో రాసిపెడుతున్నాయి. బ్లాక్‌లెడ్జ్, మరో ఇద్దరు 2003లో మట్టి గూళ్లలోని సాలీళ్లను చుట్టుపక్కల దొరికే సాలీళ్లతో పోల్చి, బల్లపరుపు చక్రపు వలల సాలీళ్లే కందిరీగలకు ఎక్కువగా బలి అవుతున్నాయనీ, గజిబిజిగా అన్ని దిక్కులా అల్లే గూటి వలల సాలీళ్లు తప్పించుకుంటున్నాయనీ తేల్చారు. అదే పద్ధతిలో ఒక ఊరి గోడల మీది గూళ్లను ఆశ్వయుజ, కార్తిక మాసాలలో, పిల్లపురుగు సాలీళ్లను తినేయకముందే తెరిచి, వాటిలోని జాతులను వేరుచేసి, అదే ఊరి గెనాల మీద అలంకరణతోనూ అలంకరణ లేకుండానూ ఉన్న వలల లెక్కతో పక్కపక్కన పెడితే, అనసూజకూ పుల్చెల్లాకూ ఈ గీత ఎంత ఖరీదుకు వస్తున్నదో తెలుస్తుంది.